‘నీకెలా తెలుసు?’ – ఇంట్లో పిల్లలతో చేయించదగ్గ చరిత్ర పాఠాలు



ఈసారి పిల్లల పేజీలో కథకు బదులు చేతులతో చేసే పనులు కొన్ని చెప్పబోతున్నాను. ముందుగా నేను చేసిన తప్పొకటి ఒప్పుకోవాలి. ఈ పాఠాలన్నీ ఆ తప్పులోంచే పుట్టాయి.

మా అబ్బాయికి తొమ్మిదేళ్లప్పుడు వాట్సాప్‌లో నాకొక మెసేజ్ వచ్చింది. ప్రపంచంలోకెల్లా ఉత్తమమైన జాతీయ గీతం మనదేనని యునెస్కో ప్రకటించిందట. మనసు పొంగిపోయింది. భోజనాల దగ్గర పిల్లలకు చదివి వినిపించాను. మర్నాడు వాడు క్లాసులో లేచి అదే చెప్పాడు. టీచర్ కోప్పడలేదు, నవ్వలేదు. "భలే, ఇది ఎక్కడుందో ఇద్దరం కలిసి వెతుకుదామా?" అన్నారట. వెతికితే దొరికింది ఒక్కటే: యునెస్కో అలాంటి ప్రకటన ఎన్నడూ చేయలేదు.

వాడు ఇంటికొచ్చి ఏమీ అనలేదు. కొన్నాళ్ల తర్వాత రామప్ప గుడి ఫోటో చూపించి, "దీన్ని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, తెలుసా?" అన్నాను. వాడు తల ఎత్తకుండానే, "అదీ ఇలాంటిదేనా అమ్మా?" అన్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. అబద్ధపు గొప్ప ఒకటి చెప్పినందుకు, నిజమైన గొప్పను కూడా వాడు నమ్మలేకపోయాడు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని యునెస్కో జాబితాలో రామప్ప పేరు వెతికి చూశాం. ఉంది. గుడి ఆవరణలోని శాసనం గురించి చదివాం. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఆ గుడి కట్టించాడని ఆ రాయే చెబుతోంది. అప్పుడు వాడి ముఖం విప్పారింది. "అయితే ఇది నేను స్కూల్లో చెప్పొచ్చు" అన్నాడు.

ఆనాటి నుంచి మా ఇంట్లో చరిత్ర అంటే ఒకటే ప్రశ్న: నీకెలా తెలుసు? గొప్పలు వల్లించడం కాదు, ఆనవాలు పట్టుకుని అడగడం. ఇది పుస్తకం చదివితే పట్టుబడే అలవాటు కాదు. చేత్తో చేయాలి.

మూడు రంగుల చుక్కలు

ముందుగా షాపులో దొరికే గుండ్రటి రంగు స్టిక్కర్లు ఒక ప్యాకెట్ తెచ్చుకోండి. ఆకుపచ్చ చుక్క అంటే "చూశాం": రాసి ఉన్నది, వస్తువుగా మన ముందున్నది. పసుపు చుక్క అంటే "విన్నాం": తెలిసినవారు చెప్పినది. నీలం చుక్క అంటే "ఊహించాం". కింద చెప్పిన ప్రతి పనిలోనూ పిల్లలు తాము చెప్పే ప్రతి మాటకూ ఒక చుక్క అంటించాలి.

నీలం చుక్క తప్పు కాదని పిల్లలకు మొదటే చెప్పండి. ఊహించకుండా చరిత్ర సాగదు. ఊహను చూసినదిగా చెప్పడమే తప్పు.

మొదటి పాఠం: కొలువు మెట్లే కాలరేఖ (5 ఏళ్ల నుంచి)

సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే అలవాటు మనలో ఉన్నదే. పండుగ అయిపోయాక మెట్లు వెంటనే తీసేయకండి, ఇంకొక్క వారాంతం ఉంచండి. కొలువు పెట్టని వారికి ఇంట్లో మేడమెట్లు చాలు.

కింది మెట్టు పిల్లలది. దానిపై మెట్టు అమ్మానాన్నలది. ఆ పైది తాతలు, అవ్వలు, నానమ్మలది. ఇంకా పైకి వెళ్లగలిగినంత వెళ్లండి. ఒక్కో మెట్టు మీద ఆ తరానికి చెందిన వస్తువులు రెండో మూడో పెట్టాలి. పెళ్లి శుభలేఖ, చెయ్యి కట్టుకున్న పాత గడియారం, పేరు చెక్కిన ఇత్తడి గ్లాసు, నీలం రంగు ఏరోగ్రామ్ ఉత్తరం, మొదటిసారి ఈ దేశంలో దిగినప్పటి ముద్ర ఉన్న పాస్‌పోర్టు వంటివి. వస్తువు ఇండియాలో ఉంటే ఫోటో తెప్పించుకోండి.

ఒక్కో వస్తువు పక్కన చిన్న చీటీ ఉండాలి. ఎవరిది, ఎప్పటిది, ఎలా తెలుసు? మా ఇంట్లో ఒక ఇత్తడి చెంబు ఉంది. "ఇది ముత్తవ్వది" అని మా అమ్మాయి ఆకుపచ్చ చుక్క పెట్టబోయింది. చెంబును తిప్పి చూస్తే అంచు కింద చెక్కిన పేరు మా మేనత్తది! ముత్తవ్వది అని మాకు చెప్పినవారున్నారు, అంతే. చుక్క పసుపుకు మారింది. ఇద్దరి పేర్లూ చీటీ మీదకు ఎక్కాయి. చరిత్రకారులు చేసేదీ ఇదే.

పై మెట్లు ఖాళీగా ఉంటే కంగారు పడకండి. ఖాళీ మెట్టును ఖాళీగానే ఉంచండి. "ఇక్కడ ఎవరున్నారు?" అని పిల్లలే అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు ఊళ్లో ఇంకా ఉన్నప్పుడే ఫోన్ చేయండి.

రెండో పాఠం: ఇంటి శాసనం (7 ఏళ్ల నుంచి)

పూర్వం రాజులు భూమి దానం చేస్తే ఆ సంగతి రాగి రేకుల మీద చెక్కించి, దానం పుచ్చుకున్నవారికి ఇచ్చేవారు. రేకులు ఒకటికి మించి ఉంటే వాటి చివర రంధ్రం చేసి, ఉంగరం లాంటి కడియానికి గుచ్చి, కడియం అతుకు మీద రాజముద్ర వేసేవారు. మధ్యలో దొంగరేకు దూర్చకుండా ఆ జాగ్రత్త. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల ముద్ర మీద వరాహం బొమ్మ, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే బిరుదు కనిపిస్తాయి.

కావలసినవి: పార్టీల్లో మిగిలిన అల్యూమినియం ఫాయిల్ ట్రేలు రెండు, సిరా అయిపోయిన బాల్ పెన్ను, మడిచిన న్యూస్ పేపరు, పాత కీచైన్ రింగు, కొంచెం ప్లేడో, సెల్లోటేప్.

చేసే విధానం: ట్రే అడుగుభాగం పెద్దవారే కత్తిరించి, కోసుకోకుండా అంచులకు టేపు వేయాలి. రేకు కింద పేపరు మడత పెట్టి పెన్నుతో ఒత్తి రాస్తే అక్షరాలు లోతుగా పడతాయి. ఒక మూల రంధ్రం చేసి రింగు తొడిగి, అతుకు మీద ప్లేడో ముద్ద పెట్టి, మీ ఇంటి గుర్తు ఏదో ఒకటి ఒత్తండి.

ఏం రాయాలి? అసలు శాసనాల వరసే తీసుకోండి. దేవుని స్తుతి, ఇచ్చేవారి వంశం, పుచ్చుకునేవారి పేరు, ఇచ్చినదేమిటి, దానికి నాలుగు ఎల్లలు, సూర్యచంద్రులున్నంత కాలం చెల్లుతుందన్న మాట, చివర దానాన్ని చెడగొట్టినవారికి శాపం. మా వాడు తన గదిలో కిటికీ పక్క సగభాగం చెల్లెలికి దానమిచ్చాడు. తూర్పున కిటికీ, పడమర బీరువా, ఉత్తరాన మంచం, దక్షిణాన బూట్ల పెట్టె ఎల్లలు. దానం వెనక్కి తీసుకున్నవారు అరవై వేల ఏళ్లు పురుగై పుడతారన్న శాపం నిజమైన శాసనాల్లోనే ఉందని తెలిశాక వాడి ఆనందానికి అంతు లేదు. తెలుగు అక్షరాలు రాయనని మొరాయించే పిల్లాడు ఆ ఒక్క శాపం కోసం అరగంట కూర్చుని రాశాడు.

ఇప్పుడు అసలు పాఠం. ఆ శాసనాన్ని మరో కుటుంబం పిల్లలకు ఇవ్వండి. వాళ్లు మీ ఇల్లు ఎన్నడూ చూడలేదనుకుని చదివి, ఏం తెలిసిందో చెప్పాలి. ఈ ఇంట్లో ఎంతమంది? గొప్పవాడు ఎవరు? మా రేకు చదివిన పిల్లలు "ఇంట్లో ఒక రాజు, ఒక చెల్లెలు ఉన్నారు" అన్నారు. ఆ గది రోజూ ఊడ్చే నేను రేకులో ఎక్కడా లేను! శాసనం అబద్ధం చెప్పకపోయినా అందరి గురించీ చెప్పదని పిల్లలకు ఆ నవ్వులోనే తెలిసింది.

మూడో పాఠం: ట్రేలో చెరువు (8 ఏళ్ల నుంచి, ఎండాకాలం పని)

ఈ పాఠం కొంచెం విపులంగా చెబుతాను. మా ఇంట్లో అన్నిటికన్నా బాగా పండింది ఇదే.

కడప జిల్లా పోరుమామిళ్లలో పెద్ద చెరువొకటి ఉంది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు దాన్ని కట్టించాడు. ఆయనకే భవదూరుడని మరో పేరు. ఆ సంగతి 1369 నాటి శాసనంలో ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి మోయడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా అందులో ఉంది. అంతకన్నా విలువైనది ఇంకొకటుంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు పట్టే ఆరు దోషాలను ఆ రాయి వరసగా చెబుతుంది. ఆరు దోషాలు ఇవి: కట్టలోంచి నీరు కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు కొంచెమై ఆయకట్టు ఎక్కువ కావడం, నేల కొంచెమై నీరు ఎక్కువ కావడం.

ఈ జాబితాను పిల్లలకు ముందు చూపించకండి. చివర చూపించాలి.

కావలసినవి: మంచం కిందపెట్టే పెద్ద ప్లాస్టిక్ పెట్టె గానీ పాత రోస్టింగ్ ట్రే గానీ, తోటలోని మట్టి, గులకరాళ్లు, వెడల్పాటి స్ట్రా ఒకటి, నీళ్లు పోసే క్యాను, కొన్ని మెంతులు.

చేసే విధానం: పెట్టెను తోటలో పెట్టి, ఒక చివర కింద ఇటుక పెట్టి వాలు చేయండి. మట్టిని అడుగంతా పరిచి, మధ్యలో అడ్డంగా మట్టికట్ట వేయమనండి. కట్ట అడుగున స్ట్రా దూర్చి, పై చివర మట్టి బిరడా పెట్టండి. అది తూము. కట్టకు కింది వైపు మెంతులు చల్లండి. అది ఆయకట్టు. ఇక ఎత్తు వైపు నుంచి క్యానుతో వాన కురిపించాలి.

మా అబ్బాయి కట్టిన మొదటి కట్ట అందంగా ఉంది. నీరు నిండింది. అంచు దాటింది. ఒకచోట సన్నగా కోసుకుంటూ మొదలై, చూస్తుండగానే కట్ట మొత్తం జారి మెంతులన్నీ కొట్టుకుపోయాయి. వాడు రెండోసారి కట్ట ఇంకా ఎత్తుగా, ఇంకా లావుగా వేశాడు. రెండోసారీ అదే జరిగింది.

ఆ సమయంలోనే మా అమ్మ వీడియో కాల్‌లో ఉంది. ఆమెది బద్వేలు దగ్గర పల్లె. మూడో తరగతితో బడి మానేసింది. మనవడితో మాట్లాడేటప్పుడు "బాగున్నావా, తిన్నావా" దాటి మాట సాగేది కాదు. వాడి తెలుగు అంతంతే. ఆ రోజు తెగిన కట్ట చూసి ఆమె ఒక్కసారిగా ముందుకు వంగింది.

"మరవ యాడ పెట్టినావు రా?"

"మరవ అంటే ఏంటి అవ్వా?"

"నిండినంక నీళ్లు పోయేదానికి దావ ఉండాల కదా నాయనా! కట్ట మీంద నీళ్లు ఎక్కనీకూడదు. ఒక పక్క కట్ట కంటే రవంత తగ్గించి రాళ్లు పరువు. ఆడినుంచి పోతాయి."

ఆమె ఫోన్‌లో చేత్తో చూపిస్తుంటే వాడు ఇక్కడ కట్టాడు. ఒక చివర కట్టకంటే వేలెడు లోతుగా గండి పెట్టి, గులకరాళ్లు పరిచాడు. సీమలో మరవ అనేదాన్నే తెలంగాణలో మత్తడి అంటారు, అలుగు అని కూడా అంటారు. మూడోసారి వాన కురిపించాం. నీరు నిండి, రాళ్ల మీదుగా పక్కకు జారిపోయింది. కట్ట నిలిచింది. తూము బిరడా తీస్తే సన్నటి ధార మెంతుల వైపు పారింది.

"అవ్వా, నీకెలా తెలుసు?" అన్నాడు వాడు. మా ఇంటి ప్రశ్న అది. ఆమె చిన్నప్పుడు ఒక వానకు తమ ఊరి కట్ట తెగిన రాత్రి గురించి చెప్పడం మొదలుపెట్టింది. నలభై నిమిషాలు చెప్పింది. ఇంతవరకు నాకు కూడా చెప్పని సంగతులవి. వాడు అర్థంకాని మాట వచ్చినప్పుడల్లా ఆపి అడిగాడు. ఆ తర్వాత పసుపు చుక్క అంటించి, కింద "అవ్వ చెప్పింది. అవ్వ చూసింది" అని రాశాడు.

ఇప్పుడు ఆరు దోషాల జాబితా తీయండి. పిల్లలు ఒక్కో దోషాన్నీ తమ పెట్టెలో చేసి చూడాలి. నడుమ మిట్ట పెడితే నీరు ఎంత తక్కువ పడుతుందో క్యానుతో కొలవండి. కట్టలో ఇసుక ఎక్కువ కలిపితే ఎంతసేపట్లో కారుతుందో గడియారంతో చూడండి. సరిహద్దు దోషం మాత్రం ఎందుకో మా పిల్లలకు తట్టలేదు. పెట్టెను ఇద్దరి మధ్యన పెట్టి, తూము ఎప్పుడు తెరవాలో నిర్ణయించుకోమన్నాను. రెండు నిమిషాల్లో అర్థమైంది!

చివరిగా ఒక ప్రశ్న అడగండి. చెరువు కట్టించిన రాజకుమారుడి పేరు రాతిమీద ఉంది. ఆ వెయ్యి మందికీ శాసనం సంఖ్యే ఇస్తుంది, పేర్లు ఇవ్వదు. మరవ ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లు ఎవరై ఉంటారు? ఇక్కడ నీలం చుక్క పెట్టక తప్పదు.

నాలుగో పాఠం: అమరావతి పలక ముందు ఇరవై నిమిషాలు (9 ఏళ్ల నుంచి)

మనం బ్రిటన్‌లో ఉన్నందుకు దగ్గరగా దొరికే ఆనవాలు ఒకటుంది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో 33ఏ గది అమరావతి శిల్పాలది. ప్రవేశం ఉచితం. ఆ గది తెరిచి ఉండే వేళలు ముందే చూసుకుని వెళ్లండి. రాలేనివారు మ్యూజియం వెబ్‌సైట్‌లో ఫోటోలు చూడవచ్చు.

మ్యూజియం అంతా తిప్పి పిల్లల్ని అలసిపోనివ్వకండి. ఒకే పలక ముందు కూర్చోబెట్టి, పెన్సిలు ఇచ్చి, ఇరవై నిమిషాలు గీయమనండి. రెండు వైపులా చెక్కిన పలక ఒకటి అక్కడుంది. ఒక వైపు బోధివృక్షానికి మొక్కుతున్న జనం, మరో వైపు సింహాలతో, మాలలతో నిండుగా ఉన్న స్తూపం. మొదటి వైపు చెక్కిన కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి రెండో వైపు చెక్కారు. "అప్పటివాళ్లు కూడా పేపరు వెనక వైపు వాడుకున్నారా!" అంది మా అమ్మాయి.

"మన రాళ్లు ఇక్కడెందుకున్నాయి?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. దాటవేయకండి, ఉన్నదున్నట్టు చెప్పండి. 18వ శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో పట్టణం కట్టిస్తున్నప్పుడు ఆ దిబ్బలోని రాళ్లు కట్టడాలకు తవ్వి వాడుకున్నారు. కొన్ని సున్నానికి కాలిపోయాయి. ఆ రోజుల్లో కాలిన్ మెకంజీ ఆ దిబ్బ చూసి, మళ్లీ 1816లో వచ్చి చిత్రకారుల చేత శిల్పాలను గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, వాటిలో చాలా వరకు 1859లో లండన్‌కు ఓడ ఎక్కాయి. పరాయిపాలన కాలంలో జరిగిన పని ఇది. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ అమరావతిలోనూ మరికొన్ని ఉన్నాయి. ఇప్పుడు ఇవి ఎక్కడ ఉండాలన్నది పిల్లలే వాదించుకోనివ్వండి. తీర్పు మీరు చెప్పకండి.

ఒక్కటి మాత్రం చెప్పండి. మెకంజీ బృందం గీసిన రాళ్లలో కొన్ని ఇప్పుడు కనిపించవు, బొమ్మలే మిగిలాయి. మీ పిల్లల నోట్‌బుక్‌లోని వంకరటింకర గీతలకు కూడా ఆ విలువ ఉంది.

స్కూల్ పాఠానికి ముడి

ఇక్కడి ప్రైమరీ స్కూల్లో రోమన్ల పాఠం ఎలాగూ వస్తుంది. అప్పుడు పిల్లల్ని ఒకటి అడగండి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో, పల్నాడులోని వినుకొండలో రోమన్ నాణేలు దొరికాయి. అవి అక్కడికి ఎలా వెళ్లాయి? దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఒక గ్రీకు నావికుడు రాసిన ‘పెరిప్లస్’ అనే ఓడదారి పుస్తకంలో మసాలియా తీరపు సన్నని నూలుబట్టల ప్రస్తావన ఉంది. అది మన మచిలీపట్నం ప్రాంతమని పండితుల మాట. బట్ట చివికిపోయింది, నాణెం మిగిలింది. ఆనవాళ్లలో ఏవి మిగులుతాయో ఏవి పోతాయో పిల్లలు ఆలోచించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. క్లాసులో చెప్పడానికీ బాగుంటుంది. టీచర్ "ఎలా తెలుసు?" అంటే జవాబు ఉంది.

పెద్దవారికి నాలుగు మాటలు

ఒక్క రోజులో ఒకే పని. రెండు గంటలు దాటనివ్వకండి.

మీకు తెలియనిది అడిగితే "నాకు తెలియదు, చూద్దాం" అనండి. పిల్లలు మనల్ని తక్కువగా చూడరు. మా ఇంట్లో నా మాటకు విలువ తిరిగొచ్చింది ఆ మాట అన్నాకే.

పురాణ కథలకు ఈ చుక్కలు అంటించే పని పెట్టకండి. భక్తితో వినే కథ వేరు, ఆనవాలుతో వెతికే చరిత్ర వేరు. రెండింటికీ మన ఇళ్లలో చోటుంది.

ఫార్వర్డ్ వచ్చిన గొప్పను పిల్లలకు చెప్పే ముందు మీరే ఒక చుక్క అంటించి చూసుకోండి. ఏ చుక్కా అంటకపోతే అక్కడితో ఆపేయండి.

మన గుడికి కూడా ఒక మెట్టు

చివరగా ఒక విన్నపం. మన సంఘం తొలి రోజులు చూసినవారు మన మధ్యే ఉన్నారు. మొదటి పూజ ఎవరింట్లో జరిగింది, మొదటి ఉగాదికి ఎంతమంది వచ్చారు, విగ్రహాలు వచ్చిన రోజు ఏం జరిగింది అన్నవి చాలావరకు వారి జ్ఞాపకాల్లోనే ఉన్నాయి. వచ్చే మూడు నెలల్లో ఒక్కో కుటుంబం నుంచి ఒక పిల్లవాడో పిల్లో ఒక పెద్దవారి దగ్గర కూర్చుని, అరగంట అడిగి, ఫోన్‌లో రికార్డు చేసుకుని, ఒక పేజీ రాయాలని కోరుతున్నాను. వారి అనుమతి ముందే తీసుకోండి. పాత రసీదో ఫోటోనో ఆహ్వానమో ఉంటే దాని ఫోటో కూడా తీయండి. వచ్చే ఉగాది నాడు హాల్లో ఒక బల్ల మీద, చుక్కలతో సహా, వాటిని పేరుద్దాం.

మా అమ్మ ఆ వీడియో కాల్ చివర ఒక మాట అంది: "ఇన్నేండ్లకు నన్ను ఒక సంగతి అడిగినారు."

అడగండి. వారు చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు.